అరటి బోదెల మీద గుర్రం

ఆ వారమంతా మా ఇంట్లో ఒకటే గొడవ. గుర్రం ఎక్కిన తెప్ప తేలుతుందా, మునుగుతుందా?

ఆదివారం పదింటికి టీవీలో ‘మేఘకోట’ అనే సీరియల్ వచ్చేది. మాంత్రికుడు తరుముకొస్తుంటే యువరాణి నాలుగు అరటి బోదెలు కలిపి తెప్ప కట్టి, తన గుర్రాన్ని కూడా ఎక్కించుకుని వరదలో నది దాటడానికి బయలుదేరింది. నది మధ్యలో ఉండగా ఆ వారానికి ఆపేశారు. మాంత్రికుడు గాల్లో ఎగిరినా, కోట మబ్బుల్లో తేలినా మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అరటి బోదెల దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరికీ కోపం వచ్చింది. బోదెలంటే మాకు తెలుసు మరి.

మా ఆయన అప్పాజీ ధవళేశ్వరంలో లస్కరు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. మా ఊరు అక్కడికి ఏడు మైళ్ళు, కాలవ గట్టునే.

“నాలుగు బోదెలు ఒక మనిషిని మోస్తాయి. గుర్రం కాలు పెడితే చాలు, అటు గుర్రం ఇటు రాణీ. రాసినోడు ఎప్పుడూ నీళ్ళు చూసినోడు కాదు” అన్నారాయన.

“బోదె లావుని బట్టి ఉంటది నాన్నా. చక్కెరకేళీ బోదె వేరు, లావుగా ఉండే బొంత అరటి బోదె వేరు” అంది మా దుర్గాశ్రీ. దానికప్పుడు పన్నెండేళ్ళు. ఏదైనా పట్టిందంటే వదిలే రకం కాదు.

“ఏంటే, నువ్వేమన్నా కట్టి చూస్తావా?” అంది మా అత్తగారు సంపూర్ణమ్మ నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ మాటతోనే దుర్గ తెప్ప మీద ఎక్కినట్టు, తెప్ప తిరగబడినట్టు, జడ ఒక్కటే నీళ్ళ మీద కనబడినట్టు తోచింది. బయటికి అన్నాను కూడా.

“మొదలెట్టింది” అంది అత్తయ్య. “నీకంటే ఆ మేఘకోట రాసినాయనే నయమే అమ్మా. వారానికొకటే రాస్తాడు.”

నా మాటకు మా ఇంట్లో విలువ లేకపోవడానికి కారణం నేనే. అంతకు ముందేడు మా ఆయన డ్యూటీ నుంచి రావడం రెండు గంటలు ఆలస్యమైతే, లాకులో పడిపోయారని ఏడ్చి నలుగురు మనుషుల్ని సైకిళ్ళ మీద ధవళేశ్వరం పంపించాను. వాళ్ళు వెళ్ళేసరికి ఆయన హోటల్లో కూర్చుని పెసరట్టు తింటున్నారు. ఆ నలుగురూ కూడా తిని వచ్చారు. అప్పటి నుంచి నేను భయమంటే చాలు, “పెసరట్టేనా?” అని అడుగుతారు.

తర్వాతి ఆదివారం యువరాణి గుర్రంతో సహా ఒడ్డు చేరింది. గుర్రానికి డెక్క కూడా తడవలేదు.

“ఛీ, అబద్ధం” అంది అత్తయ్య.

దుర్గ లేచి చెప్పులు వేసుకుంది. అప్పుడే నాకు అనుమానం రావలసింది. లేచి చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికే?”

“కాలవ దగ్గరకి.”

“కాలవ దగ్గర నీకేం పని?”

“ఆడుకోడానికమ్మా. ఎండిపోయే ఉందిగా!”

అది నిజమే. వేసవిలో కాలవలు కట్టేస్తారు. నెలరోజుల పైగా మా కాలవకి నీళ్ళు రాలేదు. పిల్లలు మధ్యలో క్రికెట్ ఆడుకుంటున్నారు. ఏడాదిలో నేను నిశ్చింతగా ఉండేది ఆ నెలే. సరే పొమ్మన్నాను.

రెండింటికి మా ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు. పప్పు వడ్డిస్తుంటే అన్నారు: “ఇవాళ కాలవకి నీళ్ళు వదిలేశాం. ఎనిమిదింటికి కొబ్బరికాయ కొట్టి తలుపులు ఎత్తాం.”

గరిటె గిన్నెలో వదిలేశాను.

“దుర్గ కాలవలో ఉందండీ.”

“ఉంటే?”

“నీళ్ళొస్తున్నాయి అంటున్నారు కదా!”

“ఐదింటి లోపు రావు. పొడి కాలవలో నీరు పాక్కుంటా వస్తదే, పరిగెత్తదు. మజ్జిగ పొయ్యి.”

“మొన్న మూడు రోజులు వానలు పడ్డాయి. పైన కాలవలో మడుగులన్నీ నిండే ఉన్నాయి, నీళ్ళు వాటిల్లో ఆగవుగా. తొందరగా వచ్చేస్తేనో?”

“ఇరవై ఏళ్ళ నుంచి తలుపులెత్తుతున్నాను. నీళ్ళ సంగతి నాకు చెబుతావా నువ్వు?”

“పెసరట్టు, పెసరట్టు” అంది వసారాలోంచి అత్తయ్య. “వెళ్తే వెళ్ళావు గానీ, ఈ పసుపు కుంకుమ పట్టుకెళ్ళు. కొత్త నీరు వస్తే వేద్దువు గాని.”

ఆ పొట్లం చేతిలో పెట్టుకునే పరిగెత్తాను. దారి పొడవునా ఏమేం ఊహించానో రాయను. రాస్తే మళ్ళీ జరుగుతుందేమోనని ఇప్పటికీ భయం.

రేవు దగ్గరకు చేరేసరికి కాలవలోకి నీళ్ళు ఇంకా రాలేదు. అడుగున నాలుగు బొంత బోదెలు. వాటిని వెదురు బద్దలు గుచ్చి కలిపి, కొబ్బరి తాడుతో రేవు రాతికి కట్టేసి ఉంచారు. బోదెల మీద ఇసుక బస్తా ఒకటి. దుర్గ రేవు మెట్టు మీద కూర్చుని జామకాయ కొరుకుతోంది. పక్కన నాకు తమ్ముడి వరసయ్యే బుల్లియ్య బీడీ కాలుస్తున్నాడు. బోదెలు వాడి తోటలోవే.

“ఏంటే ఇది?”

“తెప్ప. ఆ బస్తా గుర్రం” అంది. “నీళ్ళొచ్చాక లేస్తదో లేదో చూద్దామని.”

“నీళ్ళొస్తాయని నీకెలా తెలుసు?”

దుర్గ కొరకడం ఆపింది. “నాన్న బుధవారమే చెప్పాడు, ఆదివారం వదులుతామని.”

అంటే, తెలిసే ‘ఎండిపోయే ఉందిగా’ అంది. నాకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను.

“నేనెక్కనమ్మా. బస్తాయే ఎక్కుద్ది. ఒట్టు.”

“నీ ఒట్లు నాకొద్దు.”

“అక్కా, నేనున్నాను గదా ఇక్కడ” అన్నాడు బుల్లియ్య.

నేను వినలేదు. ఆ తెప్ప ఉంటే పిల్ల ఎక్కుతుంది. విప్పిపారేస్తే గొడవ ఉండదు. పొట్లం బొడ్లో దోపుకుని కాలవలోకి దిగిపోయాను. రేవు కింద ఎప్పుడూ కాస్త గుంటే. వానలకు మెత్తబడి ఉంది. తెప్ప చేరేసరికి మోకాలి దాకా బురదలో దిగిపోయాను. ఒక కాలు లాగితే రెండోది దిగుతోంది.

అప్పుడు చప్పుడు వినబడింది. హోరు కాదు. ఎండుటాకుల మీద ఎవరో నడిచి వస్తున్నట్టు. వంపు దగ్గర నురగ, చెత్త, ఊక, ఎవరిదో తెగిన చెప్పు ముందు తోసుకుంటూ నీళ్ళు వచ్చాయి. మూడు కూడా కాలేదు.

చీలమండ లోతే కదా అనుకునేలోగా గుంటలో చేరి నడుం దాకా వచ్చేసింది. నాకు ఈత రాదు. పుట్టి పెరిగింది కాలవ గట్టునే అయినా భయంతో నేర్చుకోలేదు. చేతికందిన తెప్పను పట్టుకుని ఎలా ఎక్కానో ఎక్కాను. తెప్ప ఒక పక్కకు ఒరిగింది. తాడు బిగిసింది.

“అమ్మా, పడుకో! నిలబడకు! బోర్లా పడుకో!”

పడుకున్నాను. ఇసుక బస్తాను కావలించుకుని మరీ పడుకున్నాను. బోదెలు నీళ్ళ కిందకు దిగిపోతున్నాయి. ముక్కు దగ్గర నురగ.

“బస్తా తోసెయ్యమ్మా!”

చేతులు రావడం లేదు. పట్టుకున్నది వదలమంటే ఎలా వదిలేది? తలెత్తి చూశాను. దుర్గ ఆఖరి మెట్టు దిగింది. మోకాళ్ళ దాకా నీళ్ళల్లో ఉంది. నా వైపే వస్తోంది.

దారంతా నేను ఊహించుకున్నది ఇదే. కానీ ఆ ఊహలో అది తెప్ప కోసం దిగింది. నా కోసం దిగుతుందని ఒక్కసారి కూడా తోచలేదు.

“దిగకే!” అని అరిచాను. ఆ అరుపుతోపాటే బస్తాను రెండు చేతులా నెట్టేశాను. అది బుడుంగుమంది. తెప్ప ఒక్కసారిగా పైకి లేచింది. అటు బుల్లియ్య దుర్గ జడ పట్టుకుని వెనక్కి లాగాడు. బీడీ నోట్లోనే ఉంది. తర్వాత ఇద్దరూ కలిసి తాడు లాగారు. కొత్త నీటికి పసుపు కుంకుమ వేద్దామని వచ్చిన ఆడవాళ్ళు కూడా ఒక చెయ్యి వేశారు. బొడ్లో పొట్లం విడిపోయి నా చీరంతా పసుపూ కుంకుమా.

రేవెక్కాక దుర్గ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఒకటి కొడదామని ఎత్తిన చెయ్యి దాని తల మీద పడింది.

ఎవరో కబురు చెప్పినట్టుంది, మా ఆయన ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వచ్చారు. కాలవను చూశారు, నన్ను చూశారు, చేతి గడియారం చూసుకున్నారు. “మడుగులు నిండి ఉన్నట్టున్నాయి” అన్నారు మెల్లిగా. మళ్ళీ మా ఇంట్లో ఎవరూ పెసరట్టు మాట ఎత్తలేదు.

సాయంత్రం అత్తయ్య అడిగింది: “ఇంతకీ మోస్తదా, మొయ్యదా?”

“అమ్మనొక్కదాన్నీ మోసింది. బస్తాతో మునిగిపోయింది” అంది దుర్గ. “గుర్రాన్ని తోసేస్తేనే ఆ రాణి బతుకుద్ది. తొయ్యలేదు కాబట్టి అబద్ధం.”

“తోసేస్తే సీరియల్ ఏముంటదే?” అంది అత్తయ్య.

పై ఆదివారం సీరియల్ అయిపోగానే దుర్గ లేచింది. గుమ్మంలో ఆగి నా మొహంలోకి చూసింది.

“కాలవ దగ్గరకెళ్తున్నానమ్మా. నీళ్ళు నిండుగా ఉన్నాయి. రెండో మెట్టు దాకా వచ్చాయి. పై మెట్టు మీదే కూర్చుంటాను.”

ఇంతకు ముందు అది అబద్ధం చెబితే నెమ్మదిగా ఉండేది ప్రాణం. ఇప్పుడు నిజం చెప్పింది. వద్దంటే రేపటి నుంచి మళ్ళీ ‘ఎండిపోయే ఉంది’ అంటుంది.

“వెళ్ళు” అన్నాను.

అది వీధి మలుపు తిరిగేదాకా గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత పొయ్యి మీంచి పాలు దించేసి, చెప్పులు వేసుకున్నాను.