నూతిలో తాబేలు

హిందీ వాళ్ళ ఊళ్ళో, దయాల్‌బంద్ పేటలో, త్రినాథరావు ఇంటి నూతిలో తాబేలు పర్మనెంటు స్టాఫు. ఇల్లు కట్టిన కొత్తలో, లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసే అతని తండ్రి అర్పా నదిలోంచి తెచ్చి వేశాడు. తాబేలుంటే పురుగూ పుట్రా తినేసి నీళ్ళు తేటగా ఉంచుతుందని విజయనగరం వైపు నమ్మకం. తెచ్చినాయన రిటైరయ్యాడు, తరవాత పోయాడు కూడా. తాబేలు మాత్రం డ్యూటీలోనే ఉంది.

ఆయన భార్య అప్పలనర్సమ్మకి మునిసిపాలిటీ కుళాయి అంటే గిట్టదు. "కుళాయిలో ఏటున్నాదో ఎవులికి తెలుసు? నూతిలో తాబేలు బతికున్నాది గదా, మనమూ బతుకుతాం" అనేది. కోడలు మాధవీలత బీయస్సీ చదివింది గనక నవ్వేది. నవ్వుతూనే ఆ నీళ్ళే తాగేది.

తొంభై ఒకటి ఎండాకాలంలో ఒక పొద్దున మాధవీలత బొక్కెన వేస్తే అందులోకి తాబేలు వచ్చింది. తలా కాళ్ళూ బయటికి వేలాడేసి ఉంది. బతికున్న తాబేలు అలా తనని తాను బయట పెట్టుకోదు. ఇంటి వెనక నాలాలో కొన్నాళ్ళుగా నూనె రంగులు తేలుతున్నాయి. నూతి నీళ్ళు కిరసనాయిలు వాసన వేస్తుంటే, తన ముక్కుదే తప్పనుకుంది ఇన్నాళ్ళూ.

అత్తగారు పూజలో ఉంది. మాధవీలత తాబేలుని అరటిచెట్టు మొదట్లో పాతిపెట్టింది. చచ్చిపోయిందని చెప్తే ఆవిడ తన భర్తని మరోసారి పోగొట్టుకున్నట్టే. ఎలాగూ చూపు మందం, ఇంకోటి తెచ్చి వేసేస్తే తెలియదు. ఈలోగా ఆ నూతి నీళ్ళు ఎవరి గొంతూ దిగకూడదు, ముఖ్యంగా నాలుగేళ్ళ కూతురు శ్వేత గొంతు. అందుకని కుళాయి నీళ్ళు పట్టి అత్తగారి బిందెలో పోయడం మొదలెట్టింది. ఆవిడ అవి తాగి, "మన నూతి నీళ్ళే నీళ్ళు, ఎంత తియ్యగున్నాయో" అంటే, వంటింట్లోకి వెళ్ళి నవ్వుకునేది.

ఆ నవ్వు ఎంతో కాలం సాగలేదు. చేపలమ్మే ఆవిడని తాబేలు తెమ్మంటే, "కఛువా అబ్ కహాఁ మిలహీ, దాయీ," ఇంకెక్కడి తాబేళ్ళు, అని తీసిపారేసింది. ఆమె బుట్టలో చేపలే అర్పావి కావు. ఆంధ్రా చెరువుల నుంచి ఐసులో కూర్చుని, వీళ్ళ తాతలు వచ్చినట్టే రైల్లో వచ్చినవి.

గూడ్సు గార్డు త్రినాథరావు సెలవు పెట్టి తఖత్‌పూర్ వైపు వాగులన్నీ తిరిగి, బురద కాళ్ళతో, ఉత్త చేతులతో వచ్చాడు.

"తాబేలు సరే, కప్ప కూడా గెంతలేదు లతా. చిన్నప్పుడు ఆ వాగుల్లో కాలు పెట్టనిచ్చేవి కావు."

"సరిగ్గా చూశారా?"

"లేని బండికి జెండా ఊపమంటావేటి?"

మాధవీలతకి నవ్వు రాలేదు.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం కుళాయి రాలేదు. బిందె అడుగంటింది. మాధవీలత మేడ మీద బట్టలు ఆరేస్తూంటే కింద గిలక కీచుమంది.

"మామ్మా, కఛువా దిఖావో నా!" అంటోంది శ్వేత, తాబేలుని చూపించమని.

"ఎండ గదమ్మా, అడుగున పడుకున్నాది. ఇదిగో, తాగు."

మాధవీలత మెట్ల మీంచే అరిచింది. "అత్తయ్యా, ఇవ్వకండి!"

"ఏటే ఆ కేక? తాబేలున్న నీళ్ళకి ఏటి బయం?"

"తాబేలు లేదు. చచ్చిపోయింది."

ముసలావిడ నూతిలోకి చూసింది. "ఎప్పుడు?"

"శ్రీరామనవమి ముందు."

"మరి నాను తాగినవి?"

"కుళాయివి."

తిట్లకి మాధవీలత సిద్ధపడే ఉంది. అవి రాలేదు.

"మరోటి తేనేకపోయారా?"

"వెతికాం. ఎక్కడా లేవు."

"అర్పాలో?"

"లేవు."

"తఖత్‌పూర్ వాగుల్లో?"

"కప్పలు కూడా లేవట."

"అన్ని నీళ్ళూ ఇంతేనేటి?" అంది అప్పలనర్సమ్మ, కోడలు చదువుకున్నదన్న సంగతి ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

ముసలావిడ మనవరాలి చేతిలో గ్లాసు తీసుకుంది. తులసి మొదట్లో వంచబోయి ఆగింది. కరివేపాకు మొక్క వైపు నడిచి, అక్కడా ఆగింది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఎండలో పెరటి మధ్య నిలబడింది.

"మామ్మా, ప్యాస్ లగీ," అని దాహంతో శ్వేత ఆవిడ కొంగు లాగుతోంది.