వదులు పువ్వు

మా లేసు ఇన్నేళ్లుగా ఓడలెక్కి పోతోందే గాని, మా పేటలో అది పరిచిన బల్ల ఒక్కటీ లేదు. అందుకే ఈస్టరుకి మా గుడిలో ప్రభువు బల్ల మీదకి ఓ గుడ్డ అల్లుదామనుకున్నాం. ఈసారి లేసు కొనే ఏజెంటు ఇచ్చే నమూనా లేదు. ఎవరికి తోచిన పువ్వు వాళ్లు అల్లి తేవాలి. అన్నీ కలిపి అతికే పని నాది.

రాజరత్నం అత్త కూడా పువ్వు పంపింది. మాలో సగం మందికి సూది పట్టడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు చూపు ఆనదు. తడుముకుంటూ అల్లిన ఆ పువ్వు వదులుగా, మిగతావాటికి రెట్టింపు వచ్చింది. మధ్యలో అతికితే అక్కడ గుడ్డ పొంగింది. విప్పి మళ్లీ అతికాను. మళ్లీ పొంగింది. మెడ నరాలు లాగేస్తున్నాయి.

సంఘపెద్ద యెహెజ్కేలు గారు వచ్చి చూశారు.

"దీని మీద గిన్నె పెడితే ద్రాక్షరసం ఒలికిపోద్దమ్మా. తీసెయ్యండి."

"తీసేస్తే అత్త తన పువ్వు కోసం తడిమి చూసుకుంటుందండి."

ఆయన వెళ్లాక పక్కింటి ఆశాజ్యోతి గొంతు తగ్గించింది.

"రూతు పిన్నీ, నువ్వే ఇంకోటి అల్లేసి ఆవిడదేనని చెప్పు. కనపడదుగా."

ఒళ్లలసిపోయి ఉన్నానేమో, సరేననిపించింది. సూది తీశాను. రెండు వరసలయ్యేసరికి పువ్వు బిగువుగా వచ్చింది. అత్త వేలు పెట్టగానే నా చేతిపనని పట్టేస్తుంది. లాగేశాను. అత్త పువ్వు చుట్టూ ఉన్నవి కూడా ఊడదీశాను.

"ఇవే మళ్లీ వదులుగా అల్లుదాం."

"మరి ఏజెంటు పని మా ఆయన అల్లుతాడా?" అంటూనే ఆశాజ్యోతి కూర్చుంది.

ఎంత ప్రయత్నించినా మాకు వదులు రాలేదు. ఏజెంటు కొలతకి బిగించి బిగించి వేళ్లు అలాగే అలవాటుపడిపోయాయి. చివరికి పువ్వులల్లిన వాళ్లందరం అత్త అరుగు మీదకే వెళ్లాం.

"ఏంటే, ఇంతమంది వచ్చారు? నేనింకా పోలేదు!"

"నీ పువ్వు పక్కన మావి కుదరట్లేదత్తా."

ఆవిడ ఒక్కోటీ తడిమింది.

"ఏంటే ఈ బిగింపు? దారానికి ఊపిరాడొద్దూ!" అని ఆశాజ్యోతి వేలు పట్టుకుని, దారం మీంచి కొంచెం ఎత్తింది. "ఇలా. మళ్లీ వెయ్యి."

ఈస్టరునాడు ప్రభువు బల్ల మీద పాత గుడ్డే వేశారు. మా గుడ్డ ఎప్పుడవుతుందని యెహెజ్కేలు గారు అడిగారు.

"చెప్పలేమండి," అన్నాను. "అత్త ఇంకా విప్పిస్తోంది."