ఎవరి బార?

పెద్దసారు ఎర్ర పెన్ను మూత తీశాడంటే ఏదో ఒక అంకెకు ఆయువు తీరిందని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. శనివారం సాయంత్రం ఆ పెన్ను వచ్చి వచ్చి మనవరాలి బల్ల మీద, ఆమె తాతయ్య కొలత పక్కన ఆగింది.

ఆ ఆఫీసు పని ఒక్కటే. పూర్వం ధ్రువప్రాంతానికి వెళ్ళిన బృందాలు మంచు ఎక్కడ ఎంత ఎత్తున ఉందో కొలిచి పెట్టాయి. ఇప్పటివాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, అదే గుర్తు దగ్గర నిలబడి, మళ్ళీ కొలుస్తారు. రెండు కొలతలూ పక్కపక్కన పెడితే మంచు పెరిగిందో తరిగిందో తేలుతుంది. అక్కడికి వెళ్ళి ముక్కు ఎర్రబడేలా కొలిచి వచ్చేవాడిని అందరూ మంచుబాబు అంటారు. ఇక్కడ కుర్చీలో కూర్చుని పాత లెక్కను కొత్త లెక్కతో సరిచూసేది మనవరాలు.

ఆమె తాతయ్య అలాంటి ఒక బృందంలో తాళ్ళ మనిషి. కొలత సామాను ఉన్న బండి దారిలో మంచు పగుల్లో పడిపోతే, బృందానికి మిగిలింది తాడూ ఆయన చేతులూ. నల్లకొండ అంచున ఇనుప మేకు దిగగొట్టి, అక్కడి నుంచి తాడు వదిలి, అది కింద మంచును తాకాక పైకి లాగి, రెండు చేతులూ చాచి బారలు వేశాడు. పదకొండు బారలు. అచ్చయిన నివేదికలో అలాగే ఉంది. తరవాత ఎవరో పుణ్యాత్ముడు బారకు ఆరడుగుల చొప్పున అరవై ఆరు అడుగులని మార్చాడు. మొన్న మంచుబాబు అదే మేకు నుంచి కొలిస్తే అరవై మూడు వచ్చింది. అంటే మంచు మూడడుగులు పైకి లేచింది. మిగతా చోట్ల ఉన్న గుర్తులన్నిటి దగ్గరా మంచు దిగిపోతుంటే, ఇక్కడ ఒక్కచోట లేచింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అన్నాడు పెద్దసారు. "మీ తాతగారు చలికి లెక్క తప్పి ఉంటారమ్మా. కొట్టేద్దాం."

"కొట్టేస్తే ఆ వైపున మనకింకో పాత కొలత లేదు సార్."

"తప్పు కొలత ఉండటం కన్నా ఏదీ లేకపోవడం మేలు. సోమవారం దాకా ఆగుతాను, అంతే."

ఆయన వెళ్ళాక మంచుబాబు దగ్గరికి జరిగాడు. "మేకు అదేనక్కా. దాని మీద బృందం గుర్తు కూడా ఉంది. మేకు నడవదు, కొండ నడవదు. ఇక మిగిలింది మీ తాతయ్యే."

"ఆయన పోయి ఎన్నేళ్ళయిందో. నడిచే ఓపిక ఆయనకూ లేదులే," అంది ఆమె. నవ్వింది గానీ ఇంట్లో ఉన్న అమ్మమ్మ గుర్తొచ్చింది. తాతయ్య కొలిచిన కొండ అని చెప్పుకుంటూనే అమ్మమ్మ ఇన్నేళ్ళూ బతికింది. ఆ కొలత చెల్లదని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? మనవరాలు కాబట్టి వెనకేసుకొస్తోందని ఆఫీసులో అనరా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆదివారం ఆమె మంచం దిగలేదు. అమ్మమ్మ కిటికీ తెర లాగింది.

"బారెడు పొద్దెక్కింది. ఇంకా ఆ దుప్పట్లోనే పొర్లుతావా?"

మనవరాలు దిగ్గున లేచి కూర్చుంది. "ఎవరి బార అమ్మమ్మా?"

"పొద్దుకు చేతులుంటాయిటే? లేచి మొహం కడుక్కో."

"అది కాదు. తాతయ్య ఎంత పొడుగు?"

"పొడుగా? ఆయన్ని అందరూ బుడంకాయ అనేవాళ్ళు. అటక మీది సామాను దింపాలంటే నేనే స్టూలెక్కేదాన్ని."

"ఆయన బారలు వేయడం నువ్వు చూశావా?"

"చూడకేం. డాబా మీద దండెం ఆయన కట్టిందే. నాలుగు బారలని నా ఎదురుగానే కొలిచి మరీ కట్టాడు. తాడు మారుతూ వచ్చింది గానీ కొక్కేలు అవే."

మనవరాలు టేపు పట్టుకుని, మొహమైనా కడగకుండా డాబా ఎక్కింది. తడిబట్టలు అటూ ఇటూ నెట్టి, ఈ గోడ కొక్కెం నుంచి ఆ గోడ కొక్కేనికి కొలిచింది. ఇరవై అడుగులు. అంటే తాతయ్య బార ఐదడుగులే. ఐదు పదకొండ్లు యాభై ఐదు. ఆనాడు మేకు నుంచి యాభై ఐదడుగుల కింద ఉన్న మంచు ఇప్పుడు అరవై మూడడుగుల కిందికి పోయిందన్న మాట. లేవలేదు, ఎనిమిదడుగులు దిగింది.

ఆ సంబరం దుప్పటి ఆరేంత సేపు కూడా నిలవలేదు.

"ఆ నాలుగు బారల్లో ముడులకు కొంత పోయింది కదే," అంది అమ్మమ్మ వెనక నుంచి.

నిజమే. ముడులకు పోయింది కలిపితే బార కొంచెం పెరుగుతుంది. తాడు మధ్యలో వేలాడేది కలిపితే ఇంకొంచెం. "అమ్మమ్మా, మంచుకు తాతయ్య చేతివేళ్ళు రెండు పోయాయిగా. ఈ దండెం అంతకు ముందు కట్టిందా, తరవాతా?"

"తరవాతే. కాదు కాదు, మీ అమ్మ పుట్టకముందే ఉందిది. ఉండు, ఉంగరం తొడిగినప్పుడు ఆయనకు వేలుంది."

"దండెం గురించి అడుగుతున్నా."

"దండేనికి ఉంగరమెవరు తొడిగారే? నువ్వే నన్ను కంగారు పెడుతున్నావు."

మనవరాలు రెండు చేతులూ చాచి తాడు పట్టుకుంది. పిడికిలి బిగిస్తే ఒక కొలత, వేళ్ళు చాస్తే ఇంకో కొలత. మంచులో చేతి తొడుగులు వేసుకున్నవాడు పిడికిలితోనే కదా పట్టుకుంటాడు? లేక తొడుగులు తీసి కొలిచాడా, అందుకే వేళ్ళు పోయాయా? ఆలోచించిన కొద్దీ బార సాగుతోంది, కుంచించుకుపోతోంది. ఏది పట్టుకున్నా చేతికి చిక్కడం లేదు.

సోమవారం పెద్దసారు అంతా విని పెన్ను బల్ల మీద దొర్లించాడు. "మొన్నటి దాకా తప్పు తాతగారిది. ఇవాళ మనది. మీకు కలిసొచ్చే లెక్క దొరికిందని ఆగిపోయారేమో, చూసుకున్నారా?"

"కలిసి రావడమా సార్? మంచు పెరిగిందంటే నాకూ సంతోషమే."

పెద్దసారు లేచి గోడకు వీపు ఆనించి చేతులు చాచాడు. మంచుబాబు టేపు పట్టాడు. ఆరడుగుల పైమాటే. మంచుబాబుకు ఆరుకు కాస్త తక్కువ. మనవరాలికి ఐదూ ఒక బెత్తెడు. పక్క గదిలోవాళ్ళు కూడా వచ్చి గోడ పొడుగునా దిష్టిబొమ్మల్లా చేతులు చాచి నిలబడ్డారు. ఏ రెండు బారలూ కలవలేదు.

"ఇంతకీ బారంటే ఎంతమ్మా?" అన్నాడు పెద్దసారు. ఈసారి నిజంగానే అడిగాడు.

"తెలియదు సార్. ముడులకు ఎంత ధారాళంగా వదిలినా తాతయ్య బార ఐదున్నర దాటదు. అంత పెట్టినా పదకొండుకు అరవైన్నరే. అప్పుడూ మంచు దిగినట్టే. రెండున్నర అడుగులో, ఎనిమిదడుగులో చెప్పలేను. ఎటు లాగినా కిందికే."

"ఎంతో తెలియకుండా ఏమని రాస్తారు?"

"ఎంతో తెలియదనే రాస్తాను."

పెద్దసారు పెన్నుకు మూత పెట్టాడు. "రాయండి. కొలత ఉంచుదాం. ఆరడుగులు మాత్రం కొట్టేయండి."

సాయంత్రం డాబా మీద అమ్మమ్మ బట్టలు ఆరేస్తోంది. మనవరాలు జరిగింది చెప్పింది.

"అయితే మీ తాత తప్పు కొలవలేదు."

"లేదు."

"మంచూ పెరగలేదు."

"లేదు. తరిగింది. నా నడుం దాకానో, నా తల మునిగేంతో."

"మరి ఆయన గుడారం వేసుకున్న మంచు?"

"కొండ కింద ఆయన కొలిచింది ఆ మంచునే. ఇప్పుడు ఆ ఎత్తులో ఏమీ లేదు అమ్మమ్మా. గాలే."

అమ్మమ్మ తడి దుప్పటిని ఇంకోసారి పిండింది. "గాలిలో పడుకున్నాడా," అంది. "నాతో ఎప్పుడూ చెప్పలేదే."

అది వెటకారమో, అర్థం కాక అన్నదో మనవరాలికి తేలలేదు. అమ్మమ్మ దుప్పటిని దండెం మీదికి విసిరింది. తాడు మధ్యలో ఇంకో బెత్తెడు కిందికి దిగింది.