పాత హాస్టల్లో మెయిన్ వాల్వ్

ప్లంబరు ఇంట్లో పుట్టిన పిల్ల హాస్టల్ ఎంచుకోవడమంటే ఆషామాషీ వ్యవహారం అనుకుంటున్నారా? మిగతా తండ్రులు మంచం గట్టిగా ఉందా, ఫ్యాను తిరుగుతోందా అని చూసి సరిపెట్టుకుంటారు. మన గిలక్కాయ వాళ్ళ నాన్న మాత్రం గోడకు చెవి ఆనించి పైపుల్లో నీళ్ళ చప్పుడు వింటాడు. విని, కళ్ళు మూసుకుని తల పంకిస్తాడు.

గిలక్కాయ అసలు పేరు కాలేజీ రిజిస్టర్లో ఉంది, అక్కడే ఉండనీండి. నిద్రలో కూడా నోరు మూతపడదని ఇంట్లోవాళ్ళు పెట్టిన ఈ పేరే అందరి నోళ్ళలోనూ నలిగి ఖాయమైపోయింది.

కాలేజీవాళ్ళ లెక్క ఇది: కొత్తగా చేరే ఆడపిల్లలు ఆ రోజు సాయంత్రం నాలుగింటిలోగా కొత్త హాస్టలో, పాత హాస్టలో తేల్చుకోవాలి. ఫారం మీద తమ సంతకం, ఇంటి పెద్ద సంతకం పెట్టించి ఇచ్చెయ్యాలి. పొద్దుటి నుంచీ ఆ ఫారం గిలక్కాయ చేతిలో చెమటకు మెత్తబడిపోతోంది.

ముందు కొత్త హాస్టల్ చూశారు. ఒక్కొక్కరికి ఒక్కో గది. నాన్న కుళాయి తిప్పగానే నీళ్ళు ఉరికి ఆయన చొక్కా తడిపేశాయి. ఆయన మొహం చూడాలి! పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు.

"ఇదీ ప్రెజరంటే! ఇంకేం చూస్తాం, సంతకం పెట్టేద్దాం తల్లీ."

అమ్మ టైలరు. మెడలో టేపు తీసి అప్పుడే కర్టెన్లకు కిటికీ కొలిచేస్తోంది. గిలక్కాయ వరండాలోకి వెళ్ళి, "ఎవరైనా ఉన్నారా?" అని కేకేసింది. వరసగా మూసిన తలుపులు. ఒక్క తలుపు కాస్త తెరుచుకుంది. కళ్ళజోడు పిల్ల ఒకతి పెదాల మీద వేలు పెట్టి, మళ్ళీ మూసేసుకుంది. గిలక్కాయ ప్రాణం ఉసూరుమంది.

"ఇక్కడ నాలుగేళ్ళుంటే నా నాలుక తుప్పుపడుతుంది నాన్నా. పాతది కూడా చూద్దాం, ప్లీజ్."

పాత హాస్టల్ గేటు దాటారో లేదో మూడో అంతస్తు నుంచి చెప్పు ఒకటి వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర పడింది. వెనకాలే ఒక సీనియరు పరిగెత్తుకొచ్చి, "సారీ ఆంటీ, గురి తప్పింది!" అని, చెప్పుతో పాటు గిలక్కాయ చెయ్యి కూడా పట్టుకుని పైకి లాక్కుపోయింది. గదికి ఆరు మంచాలు. అయిదు నిమిషాల్లో గిలక్కాయకు మూడు రహస్యాలు తెలిసిపోయాయి. రెండు దుప్పట్లలో ఏది ఎక్కువ కంపు కొడుతోందో తేల్చే తీర్పరి పదవీ దక్కింది. వాసన చూసి, "రెండూ సమానమే, రెండింటికీ ఉరిశిక్ష" అంది. గది గదంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విన్నాక గిలక్కాయకు ఇంకో హాస్టల్ గురించి ఆలోచనే లేదు. ఉంటే ఇక్కడే ఉండాలి, అంతే.

మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కిందికి వచ్చింది.

"నాన్నా, ఇదే! ఇంకొక్క మంచమే ఉందట, తొందరగా సంతకం పెట్టు!"

నాన్న ఎక్కడికెళ్ళినా వదలని పనిముట్ల సంచి పక్కన పెట్టుకుని, మెట్ల కింద చీకట్లో నడుం వంచి ఉన్నాడు. "ఆగమ్మా. మెయిన్ వాల్వ్ మూసి చూడకుండా ఎవరైనా ఇల్లు తీసుకుంటారా?" అంటూ చక్రం పట్టుకుని కిర్రుకిర్రుమని తిప్పేశాడు.

ఎవరి ఇల్లు, ఎవరి వాల్వు! పొద్దుట వంతు దొరకనివాళ్ళకు అదే స్నానాల వేళ. క్షణంలో పైనుంచి గోల మొదలైంది. తల నిండా నురుగుతో ఒకతి, ఒంటికి తువ్వాలు చుట్టుకుని ఒకతి, నోట్లో బ్రష్షుతో ఇంకొకతి, కళ్ళు మండిపోతున్నాయంటూ మెట్ల మీదికి వచ్చేశారు. వాళ్ళ వెనకాల వార్డెన్ మేడమ్.

"ఎవరయ్యా నువ్వు? నీళ్ళెందుకు కట్టేశావు?"

నాన్న గబుక్కున వంగి మళ్ళీ చక్రం పట్టుకున్నాడు. తెరవబోతే చక్రం బిగుసుకుపోయింది. ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఆ కేకల్లో ఎటు పోయిందో, రెండు చేతులా పట్టుకుని బలంగా లాగబోయాడు.

"నాన్నా, బలం పెట్టకు! లోపలి కాడ విరిగిపోతుంది!"

గిలక్కాయ ఆయన్ని పక్కకు జరిపి మెట్ల కిందికి దూరింది. నాన్న సంచిలోంచి నూనె తీసి చక్రం మొదట్లో నాలుగు చుక్కలు వేసింది. వాల్వును సుత్తి పిడితో చిన్నగా తట్టింది. కొద్దిగా తెరిచే వైపు, కొద్దిగా మూసే వైపు, మళ్ళీ తెరిచే వైపు. చూడండి, వింతల్లోకెల్లా వింత ఇదీ: అంతసేపూ గిలక్కాయ నోట ఒక్క మాట లేదు. అమ్మ కంగారుపడి వంగి చూసింది.

చక్రం అరచుట్టు కదిలింది. తర్వాత ఇంకాస్త. పైన ఎక్కడో పైపు దగ్గింది, గుడగుడలాడింది. మూడంతస్తుల్లోనూ ఒక్కసారిగా కుళాయిలు మోగాయి. "వచ్చాయోచ్!" అని నురుగు తల పిల్ల గిరగిరా తిరిగి గెంతింది. అందరి మొహాల మీదా నురుగు చిందింది. వార్డెన్ మేడమ్ ముక్కు మీద కూడా. ఆవిడ తుడుచుకుని గడియారం చూసింది.

"నాలుగవడానికి పది నిమిషాలుంది. ఆ మంచం కావాలా, వద్దా?"

నాన్న ఫారం అందుకున్నాడు కానీ పెన్ను కదలలేదు.

"ఈ పైపులు ముసలివి తల్లీ. రోజూ ఏదో ఒకటి పాడవుతుంది. అక్కడైతే నాకు బెంగుండదు. నువ్వు చెప్పవే," అన్నాడు అమ్మ వైపు తిరిగి.

"పైపుల సంగతి మీది, నేను వేలు పెట్టను," అంది అమ్మ.

"పాడైతే నేను చూసుకుంటా నాన్నా," అంది గిలక్కాయ. "నువ్వు రానక్కర్లేదు."

అన్నాక నాలుక కరుచుకుంది. నాన్న ఆమె చేతుల వైపు చూశాడు. తుప్పూ, నూనే మోచేతుల దాకా. తర్వాత ఫారాన్ని గోడకు ఆనించి సంతకం పెట్టాడు.

ఇంకేముంది! పైనుంచి అయిదు గొంతులు. "ఏయ్ కొత్త పిల్లా! మా కుళాయి ఆగట్లేదే, త్వరగా రా!" గిలక్కాయ నూనె చేతులు చున్నీకి తుడిచేసి పైకి పరిగెత్తింది.

"అయ్యో, అదేమిటి, బస్సు టైమవుతోంది! పిలవండి దాన్ని," అంటోంది కింద అమ్మ.

"ఉండనీవే. పనిలో ఉన్నవాళ్ళను పిలవకూడదు."

ఆ మాట మెట్ల మలుపు దగ్గర గిలక్కాయ చెవిన పడింది. ఆగి, కటకటాల్లోంచి కిందికి చూసింది. నాన్న ఆఖరి మెట్టు మీద జాగా చూసుకుని కూర్చుంటున్నాడు. అమ్మను కూడా పక్కన కూర్చోమంటున్నాడు. ఒక్క పరుగున వెళ్ళి ఆయన మెడ చుట్టేసుకుని భోరుమని ఏడవాలనిపించింది. పైన నీళ్ళు పొంగిపోతున్నాయని అరుస్తున్నారు. "వస్తున్నా!" అని అంతకంటే గట్టిగా అరిచి, ముక్కు ఎగబీల్చుకుంటూ, నవ్వుకుంటూ పైకే వెళ్ళింది.