గ్లాసు గురువుగారి చేతులు

ఆదివారం భోజనాలయ్యాక ఆమె భర్త తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. ఆయన వేసుకోవడానికి కాదు, తను వేసుకోవడానికి. చేతుల బొత్తాలు మణికట్టు దాకా పెట్టుకుంది. ఆయన గడియారం జారిపోకుండా లోపల గుడ్డముక్క దోపి కట్టుకుంది. ఆపైన పల్చటి నల్ల గ్లవుజులు తొడుక్కుంది. ఇప్పుడు మోచేతుల నుంచి కిందకి ఆమె అచ్చం మొగుడే.

మూడేళ్లుగా ఇదే వరస. ఆయనగారు 'గ్లాసు గురువు' అనే పేరుతో ఫోనులో వీడియోలు పెడతాడు. రంగురంగుల కాక్‌టెయిల్స్ ఇంట్లోనే ఎలా కలుపుకోవాలో చెబుతాడు. తెర మీద గ్లాసూ, రెండు చేతులూ తప్ప ఇంకేమీ కనిపించవు. గొంతు ఆయనది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, మంచి గొంతే. పనిలోనే ఆయన చేతులు చెప్పిన మాట వినవు. టీలో చక్కెర కలిపినా సాసరు నిండుతుంది. మొదట్లో, "ఈ ఒక్కసారికి నువ్వు పోసిపెట్టు, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. ఆ ఒక్కసారి ఇంకా అవలేదు.

గది తలుపు మూసుకుని తీస్తారు, అత్తగారికి తెలియకూడదని. కొడుకు వోడ్కా కలిపితే కళ, కోడలు ఆ సీసా మూత తీస్తే పరువు తక్కువ. మొన్న ఆవిడ వీడియో చూసి మురిసిపోతూ, "చూడవే, మావాడు ఎలా పోస్తున్నాడో! ఒక్క చుక్క తొణికిందా?" అంది. ఆ వెంటనే సూదీ దారం కోడలి చేతిలో పెట్టి, "నాకు ఆనడం లేదు, నువ్వు ఎక్కించు" అంది. ఆమె ఒక్కసారికే ఎక్కించి ఇచ్చింది.

ఆమె పగలంతా చేసేదీ కలిపే పనే. కాలేజీ ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా ద్రావణాలు తయారుచేస్తోంది. లెక్చరరుగారు వచ్చి, ఆమె సిద్ధం చేసిన రెండు గొట్టాలు ఎత్తి ఒకదాంట్లో ఒకటి వంపుతారు. రంగు మారుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. "అమ్మా, ఇవి కడిగేయండి" అని ఆయన వెళ్లిపోతారు. అక్కడివి కడిగి ఇంటికొచ్చి ఇక్కడివి కడుగుతుంది.

ఈ వారం వీడియోలో పెట్టిన మూడు రంగుల గ్లాసు పూర్తిగా ఆమె బుర్రలోంచి వచ్చిందే. అడుగున ఎర్రటి దానిమ్మ పాకం, దాని మీద నారింజ రసం, అన్నిటికన్నా పైన శంఖపుష్పాలు నానబెట్టి నీలంగా మార్చిన వోడ్కా. వినడానికి ఇంతే. కుదరడానికి ఆరు ఆదివారాలు పట్టింది. పాకం కాస్త పల్చబడితే రసంలో కలిసిపోయేది. రసం వడకట్టకపోతే పీచు పైకి తేలి నీలాన్ని పాడుచేసేది. చెంచా బోర్లించి గ్లాసు గోడకి ఆనించి, దాని వీపు మీదుగా వోడ్కాని ఊపిరి బిగబట్టి జారవిడవాలని ఐదో వారానికి గానీ తెలియలేదు. ఆరో వారం మూడు రంగులూ విడివిడిగా నిలబడితే ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. ఆయనేమో, "లైటు సరిగ్గా పడలేదు, ఇంకోటి పొయ్యి" అన్నాడు.

బుధవారం ఒక గాజుసామాన్ల దుకాణం నుంచి మేనేజరమ్మ ఫోన్ చేసింది. ఈ ఆదివారం ఆ మూడు రంగుల గ్లాసు లైవ్‌లో చేసి చూపించమంది. అందరికీ నచ్చితే వచ్చే నెల నుంచి తమ దుకాణంలో ప్రతి శనివారం క్లాసు పెడతారట. "సార్ చేతుల నిలకడ చూస్తుంటే ముచ్చటేస్తుందండీ!" అంది. ఫోను స్పీకరులో ఉంది. పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న ఆమెకి, 'ఆ చేతులు నావండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ క్షణం నుంచి ఆమెకి కాలు ఒకచోట నిలవలేదు.

బస్సులో దిగాల్సిన చోట దిగలేదు. ల్యాబులో ఒక సీసా చీటీ ఇంకో సీసాకి అంటించింది. ఎప్పుడూ చేయని పొరపాటు. క్లాసు, క్లాసు. నలుగురి ముందు నిలబడి, ఇది ఇలా ఎందుకు పోయాలో, తొందరపడితే ఏమవుతుందో చెప్పాలని ఉంది. పీకలదాకా కోరిక. ఇంత వయసొచ్చాక ఇదేం యావ అని తనని తనే తిట్టుకుంది. తిట్టుకున్నా పోలేదు. ఇన్నేళ్లలో తనకి ఏదైనా ఇంత గట్టిగా కావాలనిపించిందా? ఏమో, గుర్తులేదు.

నిన్న ఆయన, "నాకు నేర్పెయ్. పొయ్యడమేగా, ఒక్క పూటలో రాదూ?" అన్నాడు. నేర్పింది. మూడు గ్లాసులూ బురద. "ఈ చెంచా వంకరగా ఉంది" అని విసిరికొట్టి, కాసేపటికి దారిలోకొచ్చాడు. "పోన్లే. దుకాణంలో నువ్వు వెనకగదిలో కూర్చుని పోసి పంపుదువుగాని, నేను ముందు నిలబడి మాట్లాడతా. మనలో మనకి తేడా ఏముందే?" తేడా లేకపోతే వెనకగదిలో నువ్వే కూర్చోవచ్చుగా అనుకుంది ఆమె. పైకి మాత్రం, "చెంచా కడగాలి, ఇలా ఇవ్వండి" అంది.

మూడింటికి లైవ్ మొదలైంది. ఫోను స్టాండులో ఉంది, ఆయన దాని పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆమె ఎరుపు పోసింది, పసుపు పోసింది, చెంచా మీదుగా నీలం జారవిడిచింది. ఒక్క చుక్క తొణకలేదు. "చూశారా! వోడ్కా బలమైన సరుకు. అందుకే అందరి నెత్తిమీదా కూర్చుంది" అన్నాడు ఆయన. ఆమెకి ఒళ్లు మండింది. తెర మీద ఎవరో ప్రశ్న రాశారు: 'సార్, పసుపూ నీలం కలిసేచోట ఆ ఊదారంగు ఎలా వచ్చింది?' ఆయన చదివాడు. ఆమె వంక చూశాడు. "అదీ... అది గురువుగారి రహస్యం!" అని నవ్వేశాడు. ఇప్పుడు ఊరుకుంటే వెనకగది ఖాయమని ఆమెకి స్పష్టంగా తెలిసింది.

"రహస్యమేమీ లేదండీ," అంది. "శంఖపుష్పం నీలానికి పులుపు తగిలితే ఊదా అవుతుంది. నారింజలో పులుపుంది. ఇక వోడ్కా పైన ఉన్నది బలమై కాదు, తేలికై. చక్కెర బరువు మోసేది అడుగున ఉంటుంది."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. చేత్తో ఊరుకో ఊరుకో అని సైగ చేశాడు. తెర నిండా ఒకటే ప్రశ్న: ఎవరిదా గొంతు? ఎవరావిడ? ఆయన తడబడుతూ నవ్వాడు. "మా ఆవిడండీ! సరదాకి పక్కన నిలబడి చూస్తోంది."

"పక్కన నిలబడింది ఆయనండీ," అంది ఆమె. "పోస్తున్నది నేను."