విప్పని గొడుగు

ఏడేళ్లు! మనిషన్నవాడు ఏడేళ్లలో ఒక ఇల్లు కట్టుకుంటాడు. నేను మాత్రం చెదపుట్టల చుట్టూ ప్రదక్షిణాలు చేశాను. అనంతపురం కాలేజీలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకునే ఈ హనుమంతప్ప, ఒక పుట్టగొడుగు ఏ వంశానిదో తేల్చి డాక్టరేటు కొట్టేద్దామని 1977లో పేరు నమోదు చేసుకున్నాడు. 1984 డిసెంబరు ఆఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే నమోదు రద్దని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది.

దాని సంగతి కాస్త చెప్పాలి. జానెడు పొడుగు, తెల్లటి కాడ, మీద కోడిగుడ్డంత టోపీ. మామూలు పుట్టగొడుగైతే గొడుగు విప్పి, అడుగున ఉన్న రేకుల్లోంచి పొడి రాలుస్తుంది. ఆ పొడే దాని విత్తనం. ఇది విప్పదు. ముడుచుకునే బతికి, లోపలే నల్లటి పొడైపోయి, చివరికి టోపీ చిరిగి గాలికి పోతుంది. అందుకని మా ప్రొఫెసరు గారు దీన్ని తీసుకెళ్లి, నొక్కితే పొగ చిమ్మే బంతుల జాతి ఒకటుంది, ఆ వంశంలో కలిపేశారు. నేను కాదన్నాను. ఇది గొడుగు విప్పేవాళ్ల బిడ్డేననీ, వాన లేని చోట కాపురం పెట్టి, విప్పితే లోపలి తడి ఆరిపోతుందని తరతరాలుగా విప్పడం మానేసిందనీ వాదించాను. "అయితే చూపించు" అన్నారాయన.

చూపించాలంటే లేతది కావాలి. మొలిచిన రెండు మూడు రోజుల్లో నిలువునా కోస్తే లోపల రేకుల ఆనవాళ్లు కనబడాలి. ఆ తర్వాత మిగిలేది పొడి, దాన్ని చూసి ఎవరూ వంశం చెప్పలేరు. లేతది మొలవాలంటే వాన పడాలి. అనంతపురం జిల్లాలో వాన! ఏడేళ్లు ఎందుకు పట్టిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఆ సెప్టెంబరులో బెళుగుప్ప పక్క ఒక గట్టి వాన పడింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. అక్కడ ఒక పల్లెలో మేకలు మేపే గంగక్క నాకు నాలుగేళ్లుగా పరిచయం. నన్ను చూడగానే దూరం నుంచే కేకేసింది.

"బిరీన రా సారూ! మొలిచినాది!"

నాగులచవితికి ఊరంతా పాలు పోసే పుట్ట అది. దాని పక్కన బొటనవేలంత తెల్లటి మొగ్గ. కోసింది కోసినట్టు స్పిరిటులో వేయకపోతే ఈ ఎండకు బస్సులోనే పాడైపోతుంది. అందుకని ముందు సంచిలోంచి సీసా తీశాను. మూత తీస్తే వాసన లేదు. నాలుక మీద ఒక చుక్క వేసుకుంటే మంచినీళ్లు! మా ల్యాబు అటెండరు కుళ్ళాయప్ప స్పిరిటు తాగేసి, కొలత తగ్గకుండా నీళ్లు పోసిపెట్టాడు, పుణ్యాత్ముడు. ఎలాగూ మొగ్గ ఇంకా పెరగాలి కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

"గంగక్కా, దీన్ని ఎవురూ ముట్టకుండా చూడు. ఎల్లుండి వస్తా. నా బతుకంతా దీంట్లోనే ఉండాది."

"నీ బతుకా? ఇంత మొగ్గలోనా?" అని ముక్కు మీద వేలేసుకుంది.

"ఔను. ఇది దక్కితే నాకు అన్నీ వస్తాయి."

ఆ ముక్క అనకుండా ఉండాల్సింది.

మూడో రోజు అసలైన స్పిరిటుతో దిగేసరికి పుట్ట చుట్టూ జనం. ముగ్గులు, పసుపు నీళ్లు, కొబ్బరిచిప్పలు. నా పుట్టగొడుగు జానెడు పెరిగి, ఒళ్లంతా పసుపుతో, నొసట కుంకుమతో, మెడలో పూలదండతో నిలబడి ఉంది. కాలేజీ సారుకే బతుకిచ్చే నాగప్ప గొడుగు మనకేం తక్కువ చేస్తుందని పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారట. నేను కత్తి తీయగానే ఊరి పెద్ద లింగన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏమప్పా, సదువుకున్నోనివి, దేవునికి కత్తి పెడతావా? అన్నీ ఇస్తాదని నువ్వే గదా అంటివి!"

"నేనన్నది నా పరీక్ష గురించన్నా!"

"మాదీ పరీక్షే గదప్పా. మూడేండ్లాయ, సెనక్కాయ పంట చేతికి రాక."

కత్తి మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"చూసినావా సారూ, ఈగను గూడ వాలనీలే!" అంది గంగక్క గర్వంగా. నా మొహం చూసి, "వాడిపోయినావు, రెండు ముద్దలు తిందువు రా" అని ఇంటికి లాక్కెళ్లింది.

రాగి సంగటి, పక్కన ఏదో కూర. కోపమొస్తే నాకు ఆకలెక్కువ. గబగబా సగం తినేశాను. అబ్బ, ఏం రుచి!

"ఏం కూర గంగక్కా ఇది?"

"నీ గొడుగులే సారూ."

చేతిలో ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాను.

"మా చేను గట్టున ఇంకో పుట్ట ఉండాది లే, ఇల్లు అలకను మన్ను తవ్వుకునేది. దానికి మొక్కేదేముండాది? ఈపొద్దు దాని మీద ఆరు మొలిచినాయి. పాపం, సారు ఇన్నేండ్ల నుంచి వీటికోసమే తిరుగుతాండాడే, ఎంత ఆశో ఏమో, దేవునిది ఎట్లా తిననీరు, ఇవన్నా పెడదామని…"

"ఒకటన్నా మిగిల్చినావా?"

"ఎందుకు మిగులుస్తా? నీకు చాలకపోతే?"

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను.

"అయ్యో, కారమెక్కువైనాదా?" అని చెంబు అందించింది.

నీళ్లు తాగి అడిగాను, "నిలువునా కోసినావా, అడ్డమా?"

"నిలువునానే. నడిమిట్ల దాని కాడ కొన దాకా పోయుండాది. దాని సుట్టూ తెల్లగా రేకులు రేకులు, అచ్చం ఇప్పే గొడుగులకున్నట్టే. అవీ ఇవీ అక్కాచెల్లెండ్లే సారూ. ఇది వాన లేని ఊరికి కాపురమొచ్చినాది, అంతే. నేను రాలేదా, కాలవ కింది ఊరి నుంచి?"

ఏడేళ్ల నా వాదన మొత్తం ఆమె పొయ్యి ముందు కూర్చుని రెండు మాటల్లో చెప్పేసింది. చూసిన కళ్లు ఆమెవి. మిగిలిన సగం కూర నా కంచంలో ఉంది, పారేయడానికి మనసొప్పక అదీ తినేశాను.

ఆ ఏడు మళ్లీ వాన పడలేదు. దేవుడు వారం తిరక్కుండా ఎండి నల్లటి పొడైతే ఊరంతా బొట్టు పెట్టుకున్నారట. నేను డిసెంబరులో థీసిస్ ఇచ్చాను. రుజువు దగ్గర "కోసి చూసినవారు: గంగక్క, మేకల కాపరి" అని రాశాను. ప్రొఫెసరు గారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, "నమూనా ఎక్కడ భద్రపరిచారు?" అని అడిగారు. నిజమే రాసి పంపాను. థీసిస్ వెనక్కి వచ్చింది, నమోదు రద్దయింది.

ఇప్పటికీ అటు చినుకు పడితే గంగక్క బస్సు కండక్టరుతో కబురు పంపుతుంది. నేను వెళ్తాను. సీసా మాత్రం తీసుకెళ్లను.