ముడుపు కట్టిన మాత్రలు

పుంగనూరు సంతలో ఒకసారి ఆగబోయి మళ్లీ కొట్టుకున్నప్పటి నుంచి రంగప్ప గుండెదే ఆ ఇంట్లో పెత్తనం. ఉప్పు దాన్నడిగి కూరలో పడేది. టీవీ దానికి జడిసి గొంతు తగ్గించుకునేది. మంద వెంట పోవడం కొడుకు జయచంద్ర వంతయింది. రంగప్పకు అరుగు మీద కూర్చుని గొర్రెలు గుట్టెక్కడం చూడటమే పని. కురబలకోట పక్కనున్న ఆ పల్లెలో ఎవరైనా పలకరించడానికి వస్తే, వాళ్లు చెప్పులు విడవకముందే రెడ్డెమ్మ ఎదురుపోయి హెచ్చరించేది: "గట్టిగా మాట్లాడొద్దప్పా. మా ఆయనకు గుండె ఉండాది."

ఊళ్లో ఆడోళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. గుండె ఆయనొక్కడికే ఉన్నట్టు! నవ్వితే నవ్వినారు గానీ, ఆ ఇంట్లో నిజంగా అట్లే నడిచింది.

సంతలో జరిగింది రెండేండ్ల కిందటి మాట. రంగప్ప రెండు పొట్టేళ్లను తోలుకుపోయినాడు. దళారీ తనూ తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతా ఉంటే, ఉన్నట్టుండి ఎద మీద బండ పెట్టినట్టయింది. ఒళ్లంతా చల్లటి చెమట. చేతిలోంచి వేళ్లు జారిపోతే, "ఏమప్పా, రేటు నచ్చలేదా? చెయ్యి లాక్కుంటాండావ్?" అని ఎగతాళి చేసినాడు దళారీ. మనిషి నేల మీద పడ్డాక గానీ అది బేరం కాదని ఆ మహానుభావుడికి అర్థం కాలేదు. నలుగురూ మోసుకుపోయి ఆస్పత్రిలో చేర్చినారు. అక్కడ రక్తపు గడ్డ కరిగించే సూది వేసి కుప్పం తోలినారు. కుప్పంలో మూసుకుపోయిన నాళం తెరిచి స్టెంటు వేసి బతికించినారు.

అక్కడి గుండె డాక్టరు పేరు ఉమాశంకర్. మనిషి మెతక, మాట కటువు. ఈ మెట్టపల్లెల్లో గుండెపోటు వచ్చినవాళ్లు ఆస్పత్రి చేరేలోపే ఎందుకు పోతున్నారనేదే ఆయన పరిశోధన. "గ్యాసని సోడా తాగుతారు. దిష్టని నిమ్మకాయ తిప్పుతారు. వాయువని వాతలు పెట్టుకుంటారు. అన్నీ అయినాక వచ్చి మా గేటు ముందర ప్రాణం వదుల్తారు," అని ముఖం మీదే అనేవాడు. అందుకే ఒకసారి పోటు వచ్చి బతికినవాళ్ల చేతికి ఒక మాత్రల పొట్లం ఇచ్చి పంపడం మొదలుపెట్టినాడు. నొప్పి రాగానే ఆ మాత్రలు నమిలి మింగాలి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. పొట్లం ఇంట్లోనే ఉంటే దారిలో పోయే ప్రాణాలు నిలుస్తాయా లేదా, అది తేల్చాలని ఆయన తాపత్రయం. ఒప్పుకున్నవాళ్ల ఇళ్లకు మునీశ్వరి అనే నర్సు ఈసీజీ మిషన్ భుజాన తగిలించుకుని మూణ్ణెల్లకోసారి వచ్చి చూసిపోయేది.

పొట్లం ఎప్పుడూ చొక్కా జేబులో ఉండాలని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపినాడు. రెడ్డెమ్మ వింటే గదా! ఇంటికి రాగానే కొత్త గుడ్డను పసుపు నీళ్లలో ముంచి ఆరేసి, అందులో పొట్లం పెట్టి మూడు ముళ్లేసింది. దేవుని గూట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందర పెట్టి దండం పెట్టింది. "స్వామీ, ఈ మూట ఇప్పే గతి మాకు రానీయొద్దు. ఐదేండ్లు ఇట్లే ఉంటే ఇద్దరమూ నడిచొచ్చి నీ కొండెక్కుతాం," అని మొక్కుకుంది. మొక్కు తీరకముందే ముడుపు విప్పితే ఎంత అరిష్టమో ఆ ఇంట్లో పిల్లినడిగినా చెప్తుంది.

మునీశ్వరి అది చూసి తల పట్టుకుంది.

"అమ్మా, ఇది మందమ్మా! దేవుని గూట్లో పెట్టి బొట్టు పెడతారా ఎవురన్నా?"

"మందయితే ఏం పాపా? ఆయన ప్రాణం గదా అది," అనింది రెడ్డెమ్మ. అని, చెంబు నిండా మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. రెడ్డెమ్మ మజ్జిగ తాగినాక ఆమెతో వాదించిన మనిషి ఆ చుట్టుపక్కల లేరు.

ఉగాది ముందర మునీశ్వరి వచ్చిన రోజు రెడ్డెమ్మ దవడకు గుడ్డ కట్టుకుని ఉంది. రంగప్ప చొక్కా విప్పి మంచం మీద పడుకున్నాడు. మునీశ్వరి ఆయన ఎదకు వైర్లు అతికిస్తా, "ఏమైందమ్మా?" అని అడిగింది.

"పన్ను నొప్పి పాపా. దవడ కాణ్ణించి భుజం దాకా లాగతాండాది. రాత్రంతా కన్నుమూత లేదు."

"లవంగం పెట్టుకోమ్మా," అనింది మునీశ్వరి, మిషన్లోంచి వస్తున్న కాగితం మీదే చూపు పెట్టి.

"పీకించెయ్ ఆ పన్ను, పీడా పోతాది," అన్నాడు మంచం మీంచి రంగప్ప.

ఆ రోజు రంగప్ప గీతలు బ్రహ్మాండంగా వచ్చినాయి. ఆ సంతోషంలో రెడ్డెమ్మ దవడను అందరూ మరిచిపోయినారు, మొదట రెడ్డెమ్మే మరిచిపోయింది. మళ్లీ నొస్తే, వారం తిరక్కుండానే మదనపల్లెకు పోయి పన్ను పీకించుకునింది. "పన్ను గట్టిగా ఉండాది గదమ్మా, దీన్ని యాల పీకమంటావ్?" అని ఆ పళ్ల డాక్టరు అడిగినా పట్టుబట్టి పీకించింది. అప్పటినుంచి నీళ్ల బిందె ఎత్తితే నడిమధ్యలో దించేది. నాలుగడుగులకే ఆయాసం. వయసు మీద పడిందన్నారు ఇంట్లో. అవునేమో అనుకునింది ఆమె కూడా.

దసరా పోయిన వారం, ఒక పొద్దున. జయచంద్ర మందను తోలుకుపోయినాడు. కోడలు గంగాదేవి టమాటా కోతకు పోయింది. రంగప్ప అరుగు మీదుంటే, లోపల సంగటి కెలికే చప్పుడు వినబడతా ఉంది. ఉన్నట్టుండి అది ఆగిపోయింది. కాసేపు చూసినాడు. మాడు వాసన వచ్చింది. నలభై ఏండ్ల కాపురంలో రెడ్డెమ్మ సంగటి మాడ్చింది లేదు. లేచి పరిగెత్తినాడు.

రెడ్డెమ్మ గోడకానుకుని కూలబడి ఉంది. ఒక చెయ్యి దవడ మీద. రవిక తడిసి ఒంటికంటుకుపోయింది.

"మే, నొప్పి యాడ?"

"ఈడే... ఆ పన్నే. మళ్లీ నొస్తాండాది."

"పీకేసిన పన్ను ఎట్ల నొస్తాదే?"

ఆ మాట తన నోట్లోంచి వచ్చినాక గానీ రంగప్పకు అర్థం కాలేదు. ఆమె నొసటి మీద చెయ్యి వేసినాడు. చల్లగా, జిగటగా ఉంది. ఆ చెమట ఆయనకు తెలుసు. సంతలో తనకు పట్టింది అదే చెమట.

ఫోనందుకుని మునీశ్వరికి చేసినాడు. ఆమె పూర్తిగా వినను కూడా లేదు. "అప్పా, 108కి నేను చెప్తా. నువ్వు పొట్లం ఇప్పు. నమలమను. ఇప్పుడే, ఈ నిమిషమే!"

రంగప్ప గూటి దగ్గరికి పోయి ముడుపు చేతికి తీసుకున్నాడు.

"తాకొద్దు!" అని కేక పెట్టింది రెడ్డెమ్మ. అంత నొప్పిలో ఆ గొంతు యాణ్ణించి వచ్చిందో! "అది నీది. ముడుపయ్యా అది, ఇప్పద్దు. రేపు నీకొస్తే ఏం మింగతావ్?"

రంగప్ప చెయ్యి ఆగింది. అరిష్టానికి జడిసి కాదు. ఆమె అన్న మాటే, రేపు నాకొస్తే అని తన లోపలా మెదిలింది కాబట్టి ఆగింది. రెప్పపాటు సేపు ఆ పొట్లం తనదే అనిపించింది, తనకే ఉంచుకోవాలనిపించింది. అంతలోనే తన మీద తనకు రోత పుట్టింది. ముడి మీద గోరు పెట్టినాడు. పసుపు ఎండి బిగుసుకుపోయిన ముడి, రానంటే రాలేదు. పళ్లతో పట్టి పర్రున చించేసినాడు.

రెడ్డెమ్మ నోరు బిగబట్టి తల పక్కకు తిప్పుకునింది. బతిమాలితే వినే ఘటం కాదని రంగప్పకు తెలుసు. గొర్రె కూడా బతిమాలితే మందు తాగదు. మోకాళ్ల మీద కూర్చుని ఆమె తలను చంకలో ఇరికించుకున్నాడు. జబ్బు చేసిన గొర్రెకు మందు తాపేటప్పుడు నోటి పక్కన పళ్లు లేనిచోట బొటనవేలు దూర్చి తెరుస్తారు. అట్లే దూర్చినాడు. వేలు పోయి పన్ను పీకించిన సందులో దిగింది. ఆమె కసుక్కున కొరికింది. నెత్తురు కారింది. ఆయన వేలు తీయలేదు. రెండో చేత్తో మాత్రలు లోపలికి తోసినాడు.

"నమలు! నమలవే నా తల్లీ!"

నమిలింది. ఏడుస్తానే నమిలింది, తిడతానే నమిలింది. "సచ్చినోడా, నీ ఆయుస్సు తీసి నాకు పెడతాండావే," అని ఆయన ఎద మీద పిడికిలితో గుద్దింది. ఆ దెబ్బలో బలం లేదు.

108 వచ్చింది. మదనపల్లెలో సూది వేసి కుప్పానికి పంపినారు. ఈ మనిషి ప్రాణాలతో ఇంతదూరం చేరిందంటే నోట్లో పడిన ఆ మాత్రలే కారణమన్నాడు ఉమాశంకర్. నాళం తెరిచి స్టెంటు కూడా వేసినాడు. అన్నీ సక్రమంగానే చేసినాడు. కానీ స్కానింగు చూసినాక బయటికొచ్చి, రంగప్ప పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. నిలబడి మాట్లాడే డాక్టరు కూర్చున్నాడంటేనే రంగప్పకు గుబులు పుట్టింది.

"రంగప్పా, ఈమెకు ఇది మొదటిది కాదు. గుండెలో ఒక పక్క కండ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. ఇప్పుడు రెండో పక్కా దెబ్బ తినింది. ఈ ఏడాదిలో ఎప్పుడన్నా ఎదలో గానీ, చేతిలో గానీ, దవడలో గానీ నొప్పేమన్నా వచ్చిందా?"

మునీశ్వరి అక్కడే నిలబడి ఉంది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఉగాది ముందర సార్. దవడ నొప్పి, భుజం దాకా లాగతాండాదనింది. లవంగం పెట్టుకోమన్నా. మిషన్ అప్పుడు నా చేతిలోనే ఉండాది సార్, ఆ మంచం మీదనే!" అని గోడ పక్కకు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది.

డాక్టరు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నువ్వొక్కదానివే కాదు మునీశ్వరీ. పరిశోధనలో ఆయన పేరుంది, ఆమె పేరు లేదు. అట్లా రాసుకునింది నేనే," అన్నాడు.

సాయంత్రం రంగప్పను లోపలికి వదిలినారు. ఒంటినిండా గొట్టాలతో రెడ్డెమ్మ చిన్న పిల్ల మాదిరి కనబడింది. ఆయన ఆమె పక్కన నిలబడి దుఃఖాన్ని కోపంలోకి తిప్పుకున్నాడు. మగవాళ్లకు వచ్చిన విద్య అదొక్కటే.

"మిషన్ మన ఇంట్లోకే వచ్చె గదే? నాకూ పెట్టి సూడు పాపా అని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది?"

రెడ్డెమ్మ ఎగశ్వాసతోనే బదులిచ్చింది. "మిషన్ నీకోసం వచ్చింది. నీకెట్లుండాదని ఊరంతా అడిగిరి. నాకెట్లుండాదని ఎవురడిగినారయ్యా?"

నిష్ఠూరంగా అనలేదు. ఈ ఏడు వాన లేదు అన్నట్టు అనింది. తర్వాత ఆయన బొటనవేలికి కట్టిన కట్టు చూసింది.

"వేలు నొస్తాండాదా?" అని అడిగింది.

లేదని రంగప్ప తల అడ్డంగా ఊపినాడు. మరుసటి రోజు తెల్లారక ముందే రెడ్డెమ్మ పోయింది.

కర్మాంతరాలు ముగిసి, చుట్టాలు వెళ్లిపోయి, ఇల్లు బావురుమంటున్న రోజుల్లో మునీశ్వరి వచ్చింది. రంగప్ప పరీక్షకు గడువది. గడప దగ్గరే ఆగిపోయింది. ఈ ఇంట్లో ఎవరు మజ్జిగ ఇస్తారో తెలియనట్టు నిలబడింది.

"రా పాపా," అన్నాడు రంగప్ప.

మంచం మీద దుప్పటి పరిచి, మిషన్ తెరిచి, ఆమె తలెత్తకుండానే, "పండుకో అప్పా," అనింది. రంగప్ప పండుకోలేదు. చొక్కా గుండీ మీద చెయ్యి కూడా వేయలేదు. పెరట్లో మేకపిల్లకు ఆకేస్తున్న గంగాదేవిని కేకేసినాడు.

"అమ్మా గంగా, ఇట్ల రా. మంచం మీద పండుకో. నేను బయటుంటా."

గంగాదేవి చేతులు కొంగుకు తుడుచుకుంటా వచ్చి బిత్తరపోయింది. "నాకేమైంది మామా? ఆ మిషన్ నీకు గదా?"

"నాకు తర్వాత. నీకెట్లుండాదమ్మా?"

"నాకేం మామా, బాగుండా," అని నవ్వింది. రంగప్ప కదల్లేదు, చూపు తిప్పుకోలేదు. గంగాదేవి నవ్వు మెల్లగా ఆరిపోయింది. "మెట్ట ఎక్కి దిగితే కళ్లు తిరగతాండాయి మామా. శానా దినాలయింది," అనింది. అనేసి, ఎందుకొచ్చిందో తెలియని ఏడుపును కొంగుతో అదిమింది.

మునీశ్వరి ఆ పిల్లను పొదివి పట్టి మంచం మీద పడుకోబెట్టింది. "నేనూ అదే చెప్పాలని వచ్చినా అప్పా. ఇంటింటా ఆడోళ్లకు ముందు ఈసీజీ తీయమన్నాడు సారు," అని, సంచిలోంచి కొత్త పొట్లం తీసి రంగప్ప చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు. బొటనవేలి మీద పంటిగాటు ఇంకా మానలేదు.

దేవుని గూడు వైపు పోలేదు రంగప్ప. నేరుగా వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కన అగ్గిపెట్టె పెట్టే చోట, ఎవరి చేతికైనా అందే ఎత్తులో, మేకుకు పొట్లం తగిలించినాడు.

"అది ఎవురిది మామా?" అని మంచం మీంచి అడిగింది గంగాదేవి.

"ఎవురికి నొప్పొస్తే వాళ్లది," అని చెప్పి, రంగప్ప తలుపు దగ్గరేసి బయట అరుగు మీద కూర్చున్నాడు.